2 జీబీ ర్యామ్ ఉన్న షాపు నెట్‌బుక్‌కి ఏ విండో మేనేజర్ పెట్టాలి? తెలుగు తప్పనిసరి

#1 నల్లరేగడి | 6 డిసెంబర్ 2025, రాత్రి 10:20

అందరికీ నమస్కారం.

నంద్యాల దగ్గర మా మామయ్యకి ఎరువులు, విత్తనాల షాపు ఉంది. కౌంటర్ మీద పదహారేళ్ళ నాటి నెట్‌బుక్ ఒకటి పెట్టుకున్నారు. ఇంటెల్ ఆటమ్ ఎన్270, 2 జీబీ ర్యామ్, 10 అంగుళాల తెర, రిజల్యూషన్ 1024×600. కరెంటు పోయినా బ్యాటరీ మీద నడుస్తుంది, కౌంటర్ మీద పెద్దగా జాగా పట్టదు. అందుకే ఆయన దాన్ని వదలరు.

దాంతో పని ఒక్కటే, రైతుల ఖాతాలు. ఎవరు ఎన్ని బస్తాలు తీసుకెళ్ళారు, ఎంత కట్టారు, ఇంకా ఎంత బాకీ. అంతా లిబ్రెఆఫీస్ కాల్క్‌లో, తెలుగులోనే. ఫైల్ పేర్లు కూడా తెలుగే. ఇప్పుడు నడుస్తున్న ఫైల్ పేరు "రబీ అప్పులు". టైప్ చేసేది షాపులో కుర్రాడు. ఇదివరకు డీటీపీ సెంటర్లో చేశాడు కాబట్టి చెయ్యి స్పీడే.

పాత విండోస్ లేచి కూర్చోవడానికే ఐదారు నిమిషాలు పట్టేది. రైతు కౌంటర్ దగ్గర నిలబడి ఉంటే మామయ్యకి టెన్షన్. రిపేర్ షాపులో అడిగితే పారేసి కొత్తది కొనమన్నారు. ఆయనకి మనసు ఒప్పలేదు. నేను హైదరాబాద్‌లో ఉద్యోగం, శని ఆదివారాలు ఊరికి వస్తాను. ఈ వారం కూర్చుని యాంటీఎక్స్ అనే తేలికపాటి లైనక్స్, 32 బిట్ వేశాను. బూట్ బాగానే అవుతోంది.

ఇప్పుడు ఏ విండో మేనేజర్ (తెర మీద విండోలని సర్దే ప్రోగ్రామ్) ఉంచాలో తేలడం లేదు. యాంటీఎక్స్‌లోనే ఐస్‌డబ్ల్యూఎం, ఫ్లక్స్‌బాక్స్, జేడబ్ల్యూఎం, హెర్బ్స్ట్‌లుఫ్ట్ నాలుగూ ఉన్నాయి. బయట ఓపెన్‌బాక్స్, ఐ3, డీడబ్ల్యూఎం అంటూ ఎవరికి వారు చెబుతున్నారు. అన్నిటికంటే తేలికైనది ఏది?

#2 రేకులషెడ్డు | 6 డిసెంబర్, రాత్రి 10:52

గుంటూరులో పాత కంప్యూటర్లు బాగుచేసి స్కూళ్ళకి, చిన్న షాపులకి ఇస్తుంటాను. ముందు ఒక మాట. విండో మేనేజర్‌కీ విండో మేనేజర్‌కీ మధ్య ర్యామ్ తేడా, నా షెడ్డులో చూసినంతలో, పది ఇరవై ఎంబీకి మించదు. బ్రౌజర్‌లో వార్తల సైట్ ఒక్కటి తెరిస్తే ఆ పొదుపంతా ఒక్క క్షణంలో పోతుంది. కాబట్టి "ఏది తేలిక" అన్న ప్రశ్న దగ్గరే ఆగిపోకండి. ఆ కుర్రాడు ఏది చూసి తడబడడో అది పెట్టండి.

యాంటీఎక్స్ ఎంచుకోవడం మంచి పని. ఎన్270 ప్రాసెసర్ 32 బిట్ మాత్రమే. డెబియన్ 13 నుంచి 32 బిట్ పీసీలకి ఇన్‌స్టాలర్ ఇవ్వడం మానేశారు. ఫైర్‌ఫాక్స్ కూడా 145వ వెర్షన్ నుంచి 32 బిట్ లైనక్స్‌ని వదిలేసింది. ఇప్పటికి ఈఎస్ఆర్ (ఎక్కువ కాలం సపోర్ట్ ఉండే) వెర్షన్ వాడుకోండి. ఖాతాలు రాసుకునే మెషీన్ కాబట్టి నెట్ తక్కువ వాడితే ఇంకా మంచిది.

నా ఓటు ఐస్‌డబ్ల్యూఎంకి. 1997లో మొదలైంది, ఇప్పటికీ కొత్త వెర్షన్లు వస్తున్నాయి. కింద టాస్క్‌బార్, మూలన మెనూ బటన్, గడియారం అన్నీ దాంట్లోనే ఉంటాయి. పాత విండోస్ చూసిన వాళ్ళకి వేరే నేర్పే పని లేదు.

#3 కృష్ణాతీరం | 6 డిసెంబర్, రాత్రి 11:15

అన్నా, ఐ3 పెట్టు. విజయవాడలో ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నా, రెండేళ్ళుగా అదే వాడుతున్నా.

నీ తెర ఎత్తు 600 పిక్సెళ్ళే. టైటిల్ బార్ కొంత, టాస్క్‌బార్ కొంత, కాల్క్ సొంత టూల్‌బార్లు కొంత తింటే ఖాతా వరుసలు ఎన్ని కనబడతాయి? టైలింగ్‌లో విండో తెరవగానే తెర మొత్తం నిండుతుంది. రెండోది తెరిస్తే రెండూ చెరి సగం పంచుకుంటాయి. ఒకదాని వెనక ఒకటి దాక్కోదు. మౌస్‌తో లాగి సర్దే పని ఉండదు. ఒకటో వర్క్‌స్పేస్‌లో కాల్క్, రెండో దాంట్లో బ్రౌజర్. విండోస్ బటన్ పట్టుకుని 1 నొక్కితే ఖాతా, 2 నొక్కితే ధరలు. డీటీపీ చేసిన చేతికి కీబోర్డ్ షార్ట్‌కట్లు ఒక లెక్క కాదు.

సెట్టింగ్స్ అంతా ఒకే టెక్స్ట్ ఫైల్. మార్చి రీలోడ్ చేస్తే తెరిచిన విండోలు తెరిచినట్టే ఉంటాయి.

#4 రేకులషెడ్డు | 6 డిసెంబర్, రాత్రి 11:31

> టైలింగ్‌లో విండో తెరవగానే తెర మొత్తం నిండుతుంది

600 పిక్సెళ్ళ విషయంలో నువ్వు చెప్పింది నిజం తమ్ముడూ. కానీ ఆ కుర్రాడు సెలవు పెట్టిన రోజు కౌంటర్‌లో మామయ్యగారే కూర్చుంటారు కదా. ఆయన పొరపాటున ఏదో కీ నొక్కితే విండో వేరే వర్క్‌స్పేస్‌కి పోతుంది. ఆయనకి కనబడేది ఖాళీ తెర. సంవత్సరం లెక్కలు పోయాయనుకుంటారు. ఇలాంటి ఫోన్లు నాకు రాత్రిళ్ళు వచ్చాయి.

#5 పాత_యూనిక్స్ | 7 డిసెంబర్, ఉదయం 6:40

డల్లాస్ నుంచి రాస్తున్నాను. మీ చర్చ చదువుతుంటే పాత రోజులు గుర్తొచ్చాయి. నల్లరేగడి గారూ, ఏదో ఒకటి ఎంచుకునే ముందు విండో మేనేజర్ అసలు ఏం చేస్తుందో ఒక్కసారి కళ్ళతో చూడండి. పది నిమిషాల పని.

ఎక్స్‌ని, అంటే లైనక్స్‌లో తెర మీద విండోలు చూపించే సర్వర్‌ని, ఏ విండో మేనేజర్ లేకుండా, ఒక్క ఎక్స్‌టర్మ్ టెర్మినల్‌తో మొదలుపెట్టండి. ఎక్స్ఇనిట్ ఫైల్‌లో ఎక్స్‌టర్మ్ పేరు ఒక్కటే రాస్తే చాలు. ఎడమ పైమూలన ఒక టెర్మినల్ వస్తుంది. దానికి అంచు ఉండదు, టైటిల్ ఉండదు, మూసే బటన్ ఉండదు. పక్కకి జరపలేరు. ఇంకో ప్రోగ్రామ్ తెరిస్తే సరిగ్గా దాని మీదే వచ్చి పడుతుంది. ఇప్పుడు అదే టెర్మినల్‌లో ఏదైనా విండో మేనేజర్ పేరు కొట్టండి. వెంటనే రెండిటికీ చట్రాలు వస్తాయి, కదులుతాయి.

అంటే విండో మేనేజర్ కూడా కాల్క్ లాంటి మామూలు ప్రోగ్రామే. ఎక్స్ సర్వర్ దగ్గర అది అడిగి తీసుకునే హక్కు ఒకటి ఉంది. ఎవరైనా కొత్త విండో చూపించమన్నా, సైజు మార్చమన్నా, ఆ మాట ముందు తన దగ్గరికి రావాలని కోరుతుంది. ఆ హక్కు ఒక సమయంలో ఒక్కరికే దొరుకుతుంది. అందుకే ఒకటి నడుస్తుండగా రెండోది మొదలుపెడితే "ఇప్పటికే ఒకటి ఉంది" అని ఆగిపోతుంది. ఇంకో సుఖం కూడా ఉంది. విండో మేనేజర్ చచ్చిపోయినా కాల్క్ చావదు. మళ్ళీ విండో మేనేజర్‌ని లేపితే చాలు, ఖాతా ఎక్కడిది అక్కడే ఉంటుంది.

నేను 90లలో ఇక్కడికి చదువుకోవడానికి వచ్చినప్పుడు మా ల్యాబ్‌లో సన్ వర్క్‌స్టేషన్ల మీద టీడబ్ల్యూఎం ఉండేది. టామ్ లాస్ట్రేంజ్ 1987లో రాసింది. దాంట్లో కొత్త విండో తెరిస్తే ముందు ఉత్త గీతల చట్రం వచ్చి మౌస్ వెంట తిరుగుతుంది. మనం ఎక్కడ క్లిక్ చేస్తే అక్కడ కూర్చుంటుంది. మొదటి రోజు నాకు అది అర్థం కాక చాలాసేపు చట్రాన్ని తెరంతా తిప్పాను. ఆ తర్వాత 1993లో రాబర్ట్ నేషన్ దాని కోడ్‌నే తీసుకుని, మెమరీ తక్కువ తినేలా, తెరలు ఎక్కువ ఉండేలా మార్చి ఎఫ్‌వీడబ్ల్యూఎం చేశారు. అంటే ఈ "తేలిక" అన్న గొడవ ముప్పై ఏళ్ళకి పైగా ఉన్నదే.

ఆ తెర మీదే న్యూస్‌గ్రూపుల్లో తెలుగు రాసుకునేవాళ్ళం, ఇంగ్లీషు అక్షరాల్లో. రైస్ యూనివర్సిటీలోని తెలుగువాళ్ళు పెట్టిన ఆర్‌టీఎస్ పద్ధతి అది. మీరు ఈరోజు ఆ చిన్న మెషీన్ మీద తెలుగు అక్షరాలతోనే ఖాతా రాయించాలనుకోవడం నాకు ఎంత ఆనందంగా ఉందో చెప్పలేను.

#6 నల్లరేగడి | 7 డిసెంబర్, మధ్యాహ్నం 2:05

పాత యూనిక్స్ గారూ, మీరు చెప్పినట్టే చేశాను. అంచుల్లేని ఆ టెర్మినల్ చూశాక సగం సందేహాలు వాటంతట అవే పోయాయి. చాలా థ్యాంక్స్ అండి.

ఆ ఊపులో డీడబ్ల్యూఎం కూడా వేసి చూశాను. సెట్టింగ్స్ ఫైల్ ఉండదు, కోడ్‌లోనే మార్చి కంపైల్ చేసుకోవాలి. ఈ ఆటమ్ మీద కూడా కంపైల్ కొన్ని సెకన్లలో అయిపోయింది. చాలా నచ్చింది. కానీ ఒకటి జరిగింది. పై పట్టీలో ఫైల్ పేరు

"రబీ అప్‌పులు"

అని వస్తోంది. కాల్క్ లోపల అంతా సరిగ్గానే ఉంది. గడుల్లో వత్తులన్నీ బాగున్నాయి. పట్టీలో మాత్రం ప కింద వత్తు లేదు, పొల్లు పెట్టి పక్కన ఇంకో ప. గుడి కూడా తలకట్టు మీదే ఎక్కి కూర్చుంది. ఫాంట్ మార్చాను. నోటో పోయి లోహిత్ పెట్టినా అంతే, పోతన పెట్టినా అంతే. మామయ్య చూసి "ఇదేంట్రా, అప్పులు విరిగిపోయాయి" అన్నారు. ఎక్కడ తప్పు చేశాను?

#7 ఓరుగల్లు_కోట | 7 డిసెంబర్, సాయంత్రం 4:30

మీ తప్పేం లేదు, ఫాంట్ తప్పు కూడా కాదు. తెలుగు ఫాంట్ల పని చేస్తుంటాను కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. ఇది తెలిస్తే మీ విండో మేనేజర్ ఏదో సగం తేలిపోతుంది.

యూనికోడ్‌లో "ప్ప" అంటే మూడు కోడ్‌లు. ప, పొల్లు, మళ్ళీ ప. ఆ మూడూ వరసగా వస్తే ప గీసి దాని కింద వత్తు పెట్టు అన్న నియమం ఫాంట్ ఫైల్ లోపల ఒక పట్టికలో ఉంటుంది. గుడి వస్తే తలకట్టు తీసెయ్ అన్న నియమమూ అక్కడే ఉంటుంది. కానీ ఆ పట్టిక తనంతట తాను పనిచెయ్యదు. దాన్ని చదివి అమలు చేసేవాళ్ళు కావాలి. లైనక్స్‌లో ఆ పని హార్ఫ్‌బజ్ చేస్తుంది. దాన్ని పాంగో అనే లైబ్రరీ వాడుకుంటుంది. మీ కాల్క్ కూడా హార్ఫ్‌బజ్‌నే వాడుతుంది. అందుకే గడుల్లో అంతా బాగుంది.

డీడబ్ల్యూఎం వీళ్ళెవరినీ పిలవదు. అక్షరాలని నేరుగా ఎక్స్‌ఎఫ్‌టీ అనే చిన్న ఫాంట్ లైబ్రరీకి ఇస్తుంది. ఎక్స్‌ఎఫ్‌టీ ఒక్కో కోడ్‌కి ఒక్కో బొమ్మ గీసుకుంటూ ముందుకి పోతుంది. ఇంగ్లీషుకి అది చాలు. మనకి చాలదు. కోడ్ 2,000 లైన్లు దాటకూడదని ఆ ప్రాజెక్ట్ వాళ్ళు నియమం పెట్టుకున్నారు. పెద్ద లైబ్రరీలు వద్దనుకున్నారు. వాళ్ళ లెక్కలో అది సబబే. కానీ వాళ్ళు తీసేసిన బరువులో మన వత్తులు కూడా పోయాయి. తేలిక అన్న మాట విన్నప్పుడల్లా నేను అడిగేది ఇదే, ఏం తీసేస్తే తేలికైంది?

డీడబ్ల్యూఎంతో వాడే, ప్రోగ్రామ్‌లు తెరిచే డీమెనూలోనూ, ఎస్‌టీ టెర్మినల్‌లోనూ ఇదే కథ. ఐ3 పాంగో వాడుతుంది, ఫాంట్ లైన్‌లో పాంగో అని రాసి తెలుగు ఫాంట్ పేరు ఇవ్వాలి. ఓపెన్‌బాక్స్ టైటిళ్ళకీ, మెనూలకీ పాంగోనే. టింట్2 ప్యానెల్ కూడా అంతే. డీమెనూ బదులు రోఫీ పెట్టుకుంటే తెలుగు బాగా వస్తుంది. టెర్మినల్‌లో తెలుగు చదవాలంటే ఎమ్ఎల్‌టర్మ్ చూడండి.

ఇంకేది ప్రయత్నించినా ముందు "స్త్రీ", "కర్నూలు", "అప్పులు" అని మూడు ఫైళ్ళు చేసి తెరిచి టైటిల్ బార్ చూడండి. ఆ మూడూ సరిగ్గా వస్తే ఇక భయం లేదు.

#8 కృష్ణాతీరం | 7 డిసెంబర్, సాయంత్రం 5:10

అక్కా, రెండేళ్ళుగా వాడుతున్నా ఇది నేనెప్పుడూ చూడలేదు. నా ఫైళ్ళన్నీ ఇంగ్లీషు పేర్లే. ఇప్పుడే "స్త్రీ" పేరుతో ఒక ఫైల్ చేసి చూశా. ఐ3 టైటిల్‌లో చక్కగా వచ్చింది. డీమెనూలో మాత్రం స, త, ర మూడూ పొల్లులతో విడివిడిగా వచ్చాయి. ఈరోజే రోఫీకి మారుతున్నా.

#9 మర్రిమాను | 7 డిసెంబర్, రాత్రి 9:25

అనంతపురం మాది, బెంగళూరులో సర్వర్ల పని. ఇంట్లో లైనక్స్ లాంటి ఇంకో ఓఎస్, ఓపెన్‌బీఎస్‌డీ వాడతాను. అక్కడ ఇన్‌స్టాల్ చెయ్యగానే ఎఫ్‌వీడబ్ల్యూఎం, సీడబ్ల్యూఎం, టీడబ్ల్యూఎం మూడూ వస్తాయి, విడిగా ఏమీ దించుకోనక్కర్లేదు. నాది సీడబ్ల్యూఎం. టైటిల్ బార్లే ఉండవు, సన్నటి అంచు ఉంటుంది అంతే. ఆల్ట్ పట్టుకుని మౌస్‌తో ఎక్కడ పట్టుకున్నా విండో కదులుతుంది. నా పనికి అది బంగారం. షాపుకి మాత్రం వద్దంటాను. మూసే బటన్ కనబడని విండోని మామయ్యగారికి ఇవ్వడం న్యాయం కాదు.

నా ఓటు ఓపెన్‌బాక్స్‌కి. చివరి వెర్షన్ 3.6.1, 2015లో వచ్చింది. పదేళ్ళుగా కొత్తది లేదని కొందరు భయపడతారు. కానీ అది చెయ్యాల్సిన పని అప్పటికే పూర్తయింది. ఎల్‌ఎక్స్‌డీఈ అనే తేలికపాటి డెస్క్‌టాప్ దాని మీదే నడిచింది.

#10 కృష్ణాతీరం | 7 డిసెంబర్, రాత్రి 9:41

అక్కా, అందరూ ఎక్స్ వదిలి దాని బదులు వచ్చిన వేలాండ్‌కి వెళ్ళిపోతుంటే ఇప్పుడు కొత్తగా ఎక్స్ మీద పెట్టడం సరైనదేనా? గ్నోమ్ డెస్క్‌టాప్ 49లో ఎక్స్11 (ఎక్స్) సెషన్ డిఫాల్ట్‌గా ఆపేశారు కదా. వేలాండ్ మీద ఐ3 లాంటిదే స్వే, అది పెడితే ఐ3 సెట్టింగ్స్ దాదాపు అలాగే పనిచేస్తాయి.

#11 మర్రిమాను | 7 డిసెంబర్, రాత్రి 10:20

మంచి ప్రశ్న. నీ ల్యాప్‌టాప్‌కి అయితే స్వే వైపు వెళ్ళమనే చెప్తాను. ఎక్స్‌లో ఒకే సెషన్‌లో నడిచే ఏ ప్రోగ్రామైనా పక్క ప్రోగ్రామ్‌లో నొక్కే కీలు వినగలదు. పాస్‌వర్డ్‌తో సహా. వేలాండ్ ఆ తలుపు మూసింది. అది చిన్న విషయం కాదు.

కానీ పాత యూనిక్స్ గారు చెప్పిన ఏర్పాటు వేలాండ్‌లో లేదు. అక్కడ తెర గీసేదీ, విండోలు సర్దేదీ, కీబోర్డ్ వినేదీ ఒకటే ప్రోగ్రామ్. దాన్నే కంపోజిటర్ అంటారు. అది పడిపోతే దాంతోపాటు సెషన్ మొత్తం పడిపోతుంది, సేవ్ చెయ్యని ఖాతాతో సహా. పైగా ఈ నెట్‌బుక్‌లో గ్రాఫిక్స్ ఇంటెల్ జీఎంఏ 950. ఆ పాత చిప్ మీద ఎక్స్11తోనే ప్రాణం హాయిగా ఉంటుంది.

ముందు ముందు మెషీన్ మారితే దారి మూసుకుపోలేదు. ల్యాబ్‌డబ్ల్యూసీ అని వేలాండ్ కంపోజిటర్ ఉంది. ఓపెన్‌బాక్స్ పద్ధతిలోనే చేశారు. సెట్టింగ్స్ ఫైల్, థీములు కూడా ఆ తరహావే. రాస్‌బెర్రీ పై ఓఎస్ 2024 అక్టోబర్ నుంచి డిఫాల్ట్‌గా అదే వాడుతోంది. ఈరోజు ఓపెన్‌బాక్స్‌లో రాసుకున్న మెనూ రేపు పనికిరాకుండా పోదు.

ఒక మాట కృష్ణాతీరం. స్వేకి మారినప్పుడు తెలుగు లేఅవుట్‌లో ఉండగా షార్ట్‌కట్లు పనిచెయ్యకపోతే, బైండింగ్ లైన్‌లో టు-కోడ్ అన్న ఆప్షన్ చేర్చు. అప్పుడు అక్షరాన్ని కాకుండా కీ ఉన్న చోటుని పట్టుకుంటుంది.

#12 నల్లరేగడి | 8 డిసెంబర్, ఉదయం 7:15

లీవు పెట్టి ఈరోజు కూడా ఊళ్ళోనే ఉన్నాను. ఓపెన్‌బాక్స్, టింట్2 వేశాను. మూడు పదాలూ బాగా వచ్చాయి.

కొత్త సమస్య. తెలుగు లేఅవుట్ పెడితే ఇన్‌స్క్రిప్ట్ (ప్రభుత్వ ప్రామాణిక కీబోర్డ్) వస్తోంది. కుర్రాడు రెండు నిమిషాలు ప్రయత్నించి చేతులు ముడుచుకుని కూర్చున్నాడు. వాడికి వచ్చింది డీటీపీలో వాడే యాపిల్ కీబోర్డ్. ఇన్‌స్క్రిప్ట్ నేర్చుకోమని చెప్పనా? రబీ సీజన్, రోజూ జనం వస్తూనే ఉన్నారు.

#13 ఓరుగల్లు_కోట | 8 డిసెంబర్, ఉదయం 8:02

వద్దు! నేర్చుకోమని చెప్పకండి. టైపింగ్ పద్ధతి మార్చుకునే ఐబస్, దానితోపాటు కీబోర్డ్ పద్ధతులు ఉండే ఐబస్ ఎం17ఎన్ వేయండి. దాంట్లో తెలుగుకి ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్, పోతన, ఐట్రాన్స్‌తో పాటు యాపిల్ కూడా ఉంది. పాత యూనిక్స్ గారి ఆర్‌టీఎస్ ఇంకా అక్కడే బతికి ఉంది చూశారా.

పెద్ద డెస్క్‌టాప్‌లో ఐబస్‌ని అదే మొదలుపెడుతుంది. ఓపెన్‌బాక్స్‌లో ఎవరూ పెట్టరు, మీరే చెప్పాలి. సెషన్ మొదలయ్యే ఫైల్‌లో జీటీకే, క్యూటీ (ప్రోగ్రామ్‌లు విండోలు గీసుకునే లైబ్రరీలు), ఎక్స్ మూడిటికీ ఇన్‌పుట్ పద్ధతి ఐబస్ అని మూడు వేరియబుల్స్ ఇవ్వండి. తర్వాత ఓపెన్‌బాక్స్ ఆటోస్టార్ట్ ఫైల్‌లో ఐబస్ డీమన్‌ని (వెనక నడిచే ప్రోగ్రామ్) చేర్చండి. వేరియబుల్స్ మర్చిపోతే ఐకాన్ కనబడుతుంది కానీ కాల్క్‌లో ఇంగ్లీషే పడుతుంది. చాలామంది అక్కడే విసిగిపోతారు.

ఇంకోటి. లిబ్రెఆఫీస్‌కి జీటీకే ప్యాకేజీ విడిగా ఉంటుంది, అది కూడా వేయండి. ఆప్షన్లలో భాషల పేజీలో కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్ దగ్గర తెలుగు ఎంచుకోండి. తెలుగు ఫాంట్ అక్కడ వేరుగా ఉంటుంది. పైన టూల్‌బార్‌లో ఫాంట్ మార్చినా తెలుగు మారడం లేదంటే కారణం అదే.

#14 రేకులషెడ్డు | 8 డిసెంబర్, మధ్యాహ్నం 1:20

సరే, ఓపెన్‌బాక్స్ అయితే ఓపెన్‌బాక్సే. కానీ ఇది జాగ్రత్తగా చదవండి.

మూడేళ్ళ క్రితం ఒక టైలరింగ్ షాపుకి ఇలాంటి ల్యాప్‌టాప్ సిద్ధం చేసి ఇచ్చాను. చాలా శుభ్రంగా, ఒక్క అనవసరమైన ప్రోగ్రామ్ లేకుండా. పది రోజులకి ఆవిడ ఏడుస్తూ ఫోన్ చేశారు. పెళ్ళి సీజన్ కొలతలన్నీ రాస్తుండగా తెర నల్లబడిపోయింది, సగం పోయాయి. తప్పు నాదే. బ్యాటరీ తగ్గితే హెచ్చరించేది ఏదీ నేను పెట్టలేదు. పెద్ద డెస్క్‌టాప్‌లో ఆ పని ఎవరికీ చెప్పకుండానే జరిగిపోతుంది. ఒట్టి విండో మేనేజర్‌లో మనం పెడితేనే ఉంటుంది. ఆవిడ దగ్గర కూర్చుని రెండు రోజులు కొలతలు మళ్ళీ ఎక్కించాను.

అప్పటినుంచి ఏ మెషీన్ ఇచ్చినా ముందు సీబ్యాటికాన్ పెడతాను. బ్యాటరీ ఇంత శాతానికి వస్తే ఈ కమాండ్ నడుపు అని దానికి చెప్పొచ్చు. దాంతోపాటు డన్‌స్ట్, లేకపోతే హెచ్చరిక తెర మీదకి రాదు. పెన్‌డ్రైవ్ పెడితే తెరుచుకోవాలి, సౌండ్ కీలు పనిచెయ్యాలి, ప్రింటర్ దొరకాలి, మూత వేస్తే నిద్రపోవాలి. ఇవన్నీ ఇచ్చే ముందు మీ చేత్తో ఒక్కొక్కటి చేసి చూడండి. కాల్క్‌లో ఆటోసేవ్ మూడు నిమిషాలకి పెట్టండి. ర్యామ్‌లో ఉన్నదాన్ని కుదించే జెడ్‌ర్యామ్ కూడా వేయండి, 2 జీబీకి కాస్త ఊపిరి.

#15 నల్లరేగడి | 9 డిసెంబర్, రాత్రి 11:05

అందరికీ చేతులెత్తి దండం. పని అయింది. రాత్రి బస్సులో కూర్చుని రాస్తున్నాను.

చివరికి ఓపెన్‌బాక్స్, టింట్2, ఐబస్ యాపిల్ కీబోర్డ్, సీబ్యాటికాన్, డన్‌స్ట్. హార్డ్‌డిస్క్ తీసి చిన్న ఎస్‌ఎస్‌డీ వేశాను. బటన్ నొక్కిన దగ్గర్నుంచి ఖాతా తెర మీదకి రావడానికి ఒక నిమిషం లోపే.

కృష్ణాతీరం, నువ్వు 600 పిక్సెళ్ళ గురించి చెప్పింది వదల్లేదు. ఓపెన్‌బాక్స్ సెట్టింగ్స్‌లో అప్లికేషన్ నియమాలు రాసుకోవచ్చు. కాల్క్ ఎప్పుడు తెరిచినా పూర్తి తెర, టైటిల్ బార్ లేకుండా అని రాశాను. టింట్2 పట్టీ ఎవరూ వాడనప్పుడు దాక్కుంటుంది. ఖాతా వరుసలు ఇదివరకటి కంటే నాలుగు ఎక్కువ కనబడుతున్నాయి. కొన్ని డైలాగ్ బాక్సుల్లో ఓకే బటన్ తెర కిందకి దిగిపోయేది. ఆల్ట్ పట్టుకుని మౌస్‌తో పైకి లాగడం కుర్రాడికి ఒక్కసారి చూపిస్తే వచ్చేసింది.

అసలు నాకు ఓపెన్‌బాక్స్ ఖాయమైంది మెనూ దగ్గర. ఖాళీ తెర మీద కుడి క్లిక్ చేస్తే వచ్చే మెనూ అంతా మనం రాసుకునేదే కదా. ఉన్నవన్నీ తీసేసి నాలుగే పెట్టాను.

రబీ అప్పులు
ఈరోజు ధరలు
రసీదు ప్రింట్
షాపు మూసేయ్

మొదటిది నొక్కితే ఫైల్ తెరుచుకుంటుంది. చివరిది ఖాతాని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి మెషీన్ ఆపుతుంది. ఒక్క ఇంగ్లీషు ముక్క లేదు. వత్తులన్నీ వాటి చోట్లలో ఉన్నాయి. మామయ్య కళ్ళద్దాలు పెట్టుకుని దగ్గరికి వంగి నాలుగూ పైకి చదివారు. "మూసేయ్ అంటే బాగాలేదురా, షాపు కట్టేద్దాం అని రాయి" అన్నారు. మార్చాను.

నా ఆఫీసు ల్యాప్‌టాప్‌లో ఐ3 పెట్టుకుంటున్నాను. ఈ నాలుగు రోజుల్లో అది కూడా అంటుకుంది.

#16 పాత_యూనిక్స్ | 10 డిసెంబర్, ఉదయం 5:55

ఇక్కడ సాయంత్రం. ఆ నాలుగు లైన్ల మెనూని మా ఆవిడకి చదివి వినిపించాను. వాళ్ళ నాన్నగారిదీ ఎరువుల కొట్టే, తెనాలిలో. మెనూ ఫైల్ ఇక్కడ పెట్టగలరా? ఇంకెవరికైనా పనికొస్తుంది.

#17 కృష్ణాతీరం | 10 డిసెంబర్, ఉదయం 8:30

అన్నా, కాల్క్‌కి టైటిల్ బార్ తీసేశావు కదా. మరి మామయ్యగారు దాన్ని మూయాలంటే ఎలా?

#18 నల్లరేగడి | 10 డిసెంబర్, ఉదయం 9:10

మూయనక్కర్లేదు తమ్ముడూ. విండోస్ బటన్ నొక్కితే ఆ నాలుగు లైన్ల మెనూ కాల్క్ మీదే వచ్చేలా పెట్టాను. సాయంత్రం దాంట్లో "షాపు కట్టేద్దాం" నొక్కితే ముందు సేవ్ చేయాలా అని అడుగుతుంది, తర్వాత కాపీ, తర్వాత ఆపడం. నిన్న నా ముందే రెండుసార్లు చేసి చూపించారు. మెనూ ఫైల్, అప్లికేషన్ నియమాలు రెండూ సాయంత్రం ఇక్కడే పెడతాను.